ఉపాధి పని డబ్బులు ఎవరికైనా పడ్డాయా?

దేవరకొండ పోరడు:
అమ్మ చెరువు పూడిక పనికి పోయి ఆరు వారాలైంది, ఒక్క రూపాయి పడలేదు. పైగా రోజుకు 212 రాశారు. 2025-26కు కూలి 307 కదా? ఇంకోటి, కొత్తగా వచ్చిన మా వదిన పేరు జాబ్ కార్డులో ఎక్కించాలంటే ఎట్లా?

మునుగోడు అక్క:
307 హాజరుకు కాదు తమ్ముడూ, తవ్విన మట్టి కొలతకు. మొన్న మాకు మొరం తగిలింది. గడ్డపార దింపితే ఖంగుమని ఎగిరొచ్చేది, మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. టేపు పట్టినాయన మెత్తమట్టి లెక్క కట్టి 180 రాసి పోయాడు. నాకైతే ఏడుపొచ్చింది.

పాలమూరు రైతు:
మీ బాధ మీది. ఈ కరువు పని వచ్చినంక పత్తి ఏరడానికి మనిషి దొరకడం లేదు. నా రెండెకరాల పత్తి చేనులోనే వానకు తడిసింది.

మక్తల్ బిడ్డ:
అన్నా, మా ఊళ్లో ఉపాధి పని నడిచేది ఎండల్లో, పత్తి ఏరేది దసరా దాటినంక. దానికీ దీనికీ ఏం సంబంధం? మా నాయన మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణెకు మట్టి పనికి పోయేవాడు, నన్ను అవ్వ సాకింది. 2006లో ఈ ఉపాధి పథకం మొదటి విడత 200 జిల్లాల్లోనే పాలమూరును పెట్టింది ఊరికే కాదు.

పాలమూరు రైతు:
నేనూ వలస పోయినోడినే. నాకు చెప్పకు.

మాజీ మేట్:
పదకొండేళ్లు మేట్‌గా మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) రాసినోణ్ని, నా మాట వినండి. మస్టర్ ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలి. దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం, అది చట్టంలోనే ఉంది. పని అడిగినప్పుడు తేదీ వేసిన రసీదు తీసుకోండి. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి.

మునుగోడు అక్క:
రసీదు అడిగితే కసురుకుంటారు. అయినా హాజరు ఫోటో సంగతి చెప్పవేం? రోజుకు రెండుసార్లు దించాలి, మా గుట్ట కింద సిగ్నల్ ఉండదు. రెండో ఫోటో ఎక్కలేదని పన్నెండు మందికి ఆ రోజు కూలి పోయింది.

మాజీ మేట్:
దానికి మేట్‌ను తిట్టకమ్మా, ఫోన్ పైకెత్తి గుట్టెక్కినోళ్లం మేమే.

మక్తల్ బిడ్డ:
దేవరకొండ తమ్ముడూ, అమ్మ ఆధార్ ఏ బ్యాంకుకు లింకైందో చూడు. మా అత్త డబ్బులు ఎప్పుడో వదిలేసిన పాత ఖాతాలో దొరికాయి.

దేవరకొండ పోరడు:
అమ్మకు రెండు ఖాతాలున్నాయి! పొద్దున్నే పోతా. మరి వదిన పేరు?