కోళ్ల జబ్బుకు ఒక కిలోమీటరు గీత చాలునా, గణిత నమూనా కావాలా?

కావలి లెక్కల మాస్టారు (చర్చ ప్రారంభం)

2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలో పొదలకూరు మండలం చాటగొట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ కోళ్లు చనిపోవడం, శాంపిళ్లను భోపాల్ ప్రయోగశాలకు పంపితే బర్డ్ ఫ్లూ అని తేలడం అందరికీ గుర్తుండే ఉంటుంది. జబ్బు బయటపడిన చోటు చుట్టూ 1 కిలోమీటరు వరకు కోళ్లను చంపవలసిన వ్యాధిగ్రస్త ప్రాంతమనీ, అక్కడి నుంచి 10 కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతమనీ కేంద్ర ప్రభుత్వ కార్యాచరణ ప్రణాళిక నిర్దేశిస్తోంది. షెడ్లు కిక్కిరిసిన చోటైనా, ఊరికి ఒక్క షెడ్డు ఉన్న చోటైనా గీత ఒక్కటే. దీని బదులు, వ్యాప్తిని లెక్కగట్టే గణిత నమూనా ఆధారంగా జిల్లాకు తగినట్లు హద్దులు నిర్ణయించడం మేలని నా అభిప్రాయం. భిన్నాభిప్రాయం ఉన్నవారు కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

పొదలకూరు లేయర్ రైతు

మాస్టారూ, నేను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. 2020 అక్టోబరులో మన దేశపు పెద్ద పెద్ద శాస్త్రవేత్తల సంఘం గణిత నమూనా వేసి, కోవిడ్ ఉచ్ఛస్థితి దాటిపోయిందనీ, జాగ్రత్తలు కొనసాగిస్తే 2021 ఫిబ్రవరి చివరికి కేసులు నామమాత్రమవుతాయనీ చెప్పింది. ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ కోసం మనుషులు ఎలా అల్లాడారో ఎవరూ మరచిపోలేదు. పశువుల సంగతి చూసినా అంతే. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు, జబ్బు ఉన్న ఫారంలోని పశువులను 24 గంటల్లో, పక్క ఫారాల్లోని పశువులను 48 గంటల్లో చంపాలని నమూనాల ఆధారంగానే నిర్ణయించారు. మొత్తం 60 లక్షలకు పైగా జీవాలను వధించారు. ఆ పక్క ఫారాల వధ పూర్తిగా అమలుకు రాకముందే వ్యాప్తి తగ్గుముఖం పట్టిందని తర్వాత పశువైద్య నిపుణులే వాదించారు. చనిపోయిన జీవాలను తిరిగి తెచ్చేదెవరు?

గీత ఎంత మొరటుదైనా అది ఎక్కడ పడుతుందో నాకు ముందే తెలుసు. నమూనా అయితే ఈ వారం ఒక మాట, వచ్చే వారం ఇంకొక మాట చెబుతుంది. అప్పు చేసి షెడ్డులో కోడిపిల్లలను దింపినవాడు దాన్ని నమ్ముకుని ఎలా బతకాలి?

కావలి లెక్కల మాస్టారు

మీరు చెప్పిన రెండు ఉదాహరణలూ వాస్తవమే, వాటిని తక్కువ చేయబోను. అయితే వాటి నుంచి మీరు తీసిన నిర్ణయంతో ఏకీభవించలేను.

ముందుగా ఒక విషయం చూడండి. మీరు నమ్ముతున్న 1 కిలోమీటరు గీత కూడా ఒక గణిత నమూనాయే. ప్రమాదం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందనీ, కిలోమీటరు దాటగానే ఒక్కసారిగా తగ్గిపోతుందనీ అది ఊహిస్తోంది. కాగితం మీద ఆ ఊహ రాసి ఉండదు కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. వ్యాసార్ధాన్ని 1 నుంచి 3 కిలోమీటర్లకు పెంచితే వైశాల్యం 9 రెట్లవుతుంది, షెడ్లు సమానంగా పరచుకుని ఉంటే చంపవలసిన కోళ్లు కూడా 9 రెట్లవుతాయి. ఇంత ఖరీదైన నిర్ణయానికి ఆధారమేమిటని అడిగే హక్కు రైతుకు ఉండాలా, వద్దా?

1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్, ఆ తర్వాతి సంవత్సరాల్లో లెక్కలతో ఒక సంగతి నిరూపించాడు. మలేరియా పోవాలంటే ఊళ్లోని ప్రతి దోమనూ చంపనక్కరలేదు. దోమల సంఖ్యను ఒక హద్దు కిందికి తెస్తే, ఒక్కొక్క రోగి నుంచి సగటున ఒకరికంటే తక్కువ మందికి జబ్బు సోకి, అది తనంతట తానే అంతరిస్తుంది. నమూనా చేయవలసిన పని ఇదే. ఫలానా తేదీకి ఎన్ని కేసులు వస్తాయని జోస్యం చెప్పడం దాని బలం కాదు. ఈ మార్గం పాటిస్తే ఏమవుతుంది, ఆ మార్గం పాటిస్తే ఏమవుతుంది అని పోల్చి చూపడం దాని బలం. 2021లో కోవిడ్ డెల్టా రకం రావడంతో, మీరు చెప్పిన పాత లెక్క పనికిరాకుండా పోయింది. అంచనాతో పాటు అది ఏ షరతుల మీద నిలబడి ఉందో అంతే గట్టిగా ప్రజలకు చెప్పకపోవడం అక్కడ జరిగిన అన్యాయమని నేను భావిస్తున్నాను.

దూరాన్ని మాత్రమే నమ్మే నమూనా మన జిల్లాలో ఎందుకు చాలదో 2020 మే నెల చూపింది. అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉన్న సూళ్లూరుపేటకు కోవిడ్ కేసులు ఇరుగుపొరుగు ఊళ్ల నుంచి రాలేదు, చెన్నై కోయంబేడు మార్కెట్‌కు వెళ్లివచ్చినవారి ద్వారా వచ్చాయి. జబ్బు రాకపోకల వెంట నడుస్తుంది.

దర్శి వైపు పశుసంవర్ధక సహాయకురాలు

మాస్టారు గారి చివరి మాట దగ్గర నుంచి నేను మొదలుపెడతాను. మా ప్రకాశం జిల్లా షెడ్లలో నేను రోజూ చూసేది చెబుతాను. ముప్పై గుడ్లు పట్టే అట్టలు ఫారం నుంచి దుకాణానికి వెళ్లి, పగిలిన గుడ్ల సొన, రెట్ట మరకలతో తిరిగి ఏదో ఒక ఫారానికి చేరతాయి. ఏ అట్ట ఏ ఫారానిదో ఎవరికీ తెలియదు. దాణా వ్యాను ఒకే పూటలో నాలుగైదు షెడ్ల ముందు ఆగుతుంది. టీకాలు వేసే కుర్రవాళ్లు అవే చెప్పులతో షెడ్డు నుంచి షెడ్డుకు వెళతారు. ఈ వివరాలేవీ ఏ రిజిస్టరులోనూ ఉండవు. ఇవి లేకుండా ఎంత గొప్ప నమూనా వేసినా అది మళ్లీ దూరాన్నే పట్టుకుంటుంది, అంటే ముస్తాబు చేసిన పాత గీతే అవుతుంది.

హద్దు ఎంత అన్నదానికంటే కబురు ఎప్పుడు అందింది అన్నది ముఖ్యమని కూడా నా అనుభవం. కోళ్లు చనిపోవడం మొదలైన వారానికి గానీ మాకు చెప్పరు.

కావలి లెక్కల మాస్టారు

అమ్మా, మీరు చెప్పిన ఆలస్యాన్ని లెక్కలో పెట్టి చూద్దాం. ఉదాహరణకు జబ్బు సోకిన షెడ్ల సంఖ్య 4 రోజులకు రెట్టింపవుతుందనుకుంటే, 8 రోజుల ఆలస్యం అంటే ఒకటికి నాలుగు షెడ్లు. అప్పటికి 1 కిలోమీటరా, 3 కిలోమీటర్లా అన్న వాదనకు విలువ చాలావరకు పోతుంది. నా మొదటి ప్రశ్నలో హద్దు గురించే అడిగాను. ఆలస్యాన్ని దానికంటే ముందు పెట్టాలని ఒప్పుకుంటున్నాను.

పొదలకూరు లేయర్ రైతు

ఆలస్యం ఎందుకు జరుగుతుందో కూడా రాయాలి కదండీ. శాఖవారు చంపిన కోళ్లకు, ధ్వంసం చేసిన గుడ్లకు, దాణాకు పరిహారం ఉంది. జబ్బుతో ముందే చనిపోయినవాటికి లేదు, అమ్మకాలు ఆగిపోయిన షెడ్లకు అసలే లేదు. రేపు మీ నమూనా దాణా వ్యాను దారి పట్టుకుని 30 కిలోమీటర్ల అవతలి షెడ్డును కూడా మూయమంటుంది. జబ్బే లేని ఆ రైతు నష్టాన్ని ఎవరు భరిస్తారు? దానికి జవాబు లేనంతవరకు, వ్యాను ఎక్కడెక్కడ ఆగిందో ఏ రైతూ నిజం రాయడు.

దర్శి వైపు పశుసంవర్ధక సహాయకురాలు

ఇది న్యాయమైన అభ్యంతరం. అందుకని రెంటినీ ఒకే అర్జీలో అడుగుదాం. రాకపోకల ఆంక్ష వల్ల అమ్మకం ఆగిన షెడ్డుకు రోజువారీ దాణా ఖర్చు ఇవ్వాలన్నది మొదటిది. ప్రతి ఫారం గేటు దగ్గర వచ్చిన బండి, వచ్చిన సమయం, అంతకుముందు ఆగిన చోటు రాసే రిజిస్టరు పెట్టాలన్నది రెండోది. మొదటిది మంజూరైతే రెండోదాన్ని మా రైతు సేవా కేంద్రం పరిధిలోని షెడ్లలో నేనే దగ్గరుండి రాయిస్తాను. మీ వైపు షెడ్ల పేర్లు కూడా చేరుస్తారా?

పొదలకూరు లేయర్ రైతు

దాణా ఖర్చు మాట మొదటి వాక్యంలోనే ఉంటే చేరుస్తానమ్మా.