‘రెడీ ప్లేయర్ టూ’ చదివిన. అసలు రెండో భాగం అక్కర ఉండెనా?

కాజీపేట జంక్షన్:
ఎర్నెస్ట్ క్లైన్ 2020ల తెచ్చిన ఈ పుస్తకం నిన్న రాత్రి అయిపోగొట్టిన. 2011ల వచ్చిన మొదటి భాగం అంటే నాకు పాణం. అండ్ల వేడ్ అనే పిలగాడు ఒకదాని మీద ఒకటి పేర్చిన డబ్బా ఇండ్లల్ల ఉంటడు, పూట గడుసుడే కష్టం. ఓయాసిస్ అనే కంప్యూటర్ ఆట లోకంల దాచిన మూడు తాళంచెవులు దొరికితేనే వాని బతుకు మారేది. ఇప్పుడేమో దోస్తులతోటి కలిసి ఓయాసిస్‌కు వాడే ఓనరు. ఇగ ఆ ఆటల దాచిన ఏడు ముక్కలు ఏరుకుంట తిరుగుడు దేనికి? కడుపు నిండినోడు వేటకు పోయినట్టున్నది. సగం పుస్తకం పేజీలు తిప్పుడే అయింది.

ములుగు రోడ్డు:
అన్నా, తిప్పిన సగంలనే అసలు ముచ్చట ఉన్నది. ఓఎన్ఐ అనే హెడ్‌సెట్ నెత్తికి పెట్టుకుంటే ఆటల తిన్న పండు రుచి సుత నాలుకకు తెలుస్తది. ఇంకోలు బతికిన గడియను మనం బతుకొచ్చు. కానీ రోజుకు 12 గంటలు దాటితే మెదడు దెబ్బతింటది. ఓయాసిస్‌ను తయారుచేసిన హాలిడేకు కంప్యూటర్ నకలు అనోరాక్ బయటికి పోయే తొవ్వ మూసేసినంక ఆ ముక్కలు ఊకె ఏరుకునేటియి కావు, లోపల చిక్కినోళ్ల పాణాలు.

హన్మకొండ పుస్తకాల పురుగు:
తమ్మీ, కథంత ఇప్పినవ్ గదా! చదవనోళ్లు ఏం గావాలె?
నాకైతే ఆకలి, గడియారం రెండూ అడ్డం రాలే. అమెరికా పాటగాడు ప్రిన్స్ పాటల గ్రహంల అడ్డం పడ్డ. రెండు లైన్లకోసారి ఫోన్ తీసి ఈ పాటేంది, ఆ గిటారేందని ఎతుకుడు. మా చిన్నోనికి ఒక పేజీ చదివి వినిపిస్తే, ‘అమ్మా, రేపు పరీక్షనా?’ అన్నడు.
1957ల మన మాయాబజార్‌ల ప్రియదర్శిని పెట్టె యాదికున్నదా? ఎవలు తెరిస్తే వాళ్లకు ప్రియమైంది అగుపడ్తది. శశిరేఖకు అభిమన్యుడు అగుపడ్డడు. దానికి ముందుగాల ఏం చదువుకొని రానక్కర లేదు. ఈడ ఎవలు తెరిచినా క్లైన్‌కు ఇష్టమైనయే అగుపడ్తున్నయ్.

ములుగు రోడ్డు:
అక్కా, గట్లైతే మొదటి భాగం నిండ సుత 80ల నాటి అమెరికా ఆటలు, సినిమాలే గదా. అది ఎట్ల నచ్చింది?

హన్మకొండ పుస్తకాల పురుగు:
అండ్ల పిలగాని మీద పాణం కొట్టుకున్నది. పేర్లు తెల్వకున్నా నడిచింది.

కాజీపేట జంక్షన్:
నేను చెప్పేది గదే అక్కా. గడియారం ముచ్చట మాత్రం ఒప్పుకుంట తమ్మీ, తొందర్ల చదివిన. ఇంకోటి, ఆ హెడ్‌సెట్ జనాలకు ఇయ్యొద్దని వేడ్ మనసుపడ్డ సమంతా మొత్తుకుంటది, వాడు ఇనడు. గా కొట్లాటను ఒక మూలకు నెట్టి, పాటల గ్రహానికి గన్ని పేజీలెందుకో! నేనైతే మొగుడూ పెండ్లాల పంచాయితీ లెక్క కడదాంక అదే చదువుదును.

ములుగు రోడ్డు:
నీ పుస్తకం ఇయ్యన్నా, సమంతా ఉన్న పేజీలకు గుర్తులు పెట్టిస్త.

కాజీపేట జంక్షన్:
పెన్సిల్‌తోటే పెట్టు. పోయినసారి పెన్నుతోటి గీకినవ్.