ఎండాకాలంలో బీపీ మాత్ర సగం చేయొచ్చా? నీరు పోతే రక్తం చిక్కబడాలి కదా, మరి బీపీ ఎందుకు పడిపోతోంది?

పల్నాటి ఎండ:
రెండు మాటలకు పొంతన కుదరడం లేదు. చెమట పట్టి నీరు పోతే రక్తం చిక్కబడుతుంది, చిక్కటి రక్తాన్ని తోయడానికి గుండె కష్టపడుతుంది, కాబట్టి ఎండల్లో బీపీ పెరగాలన్నది ఒకటి. కానీ ఏప్రిల్ దాటితే మాత్రలు వాడేవాళ్లకు పై అంకె 110 దగ్గరికి జారుతోంది, మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి.
అందుకే మార్చిలో మాత్ర సగం చేసి, నవంబరులో మళ్లీ పూర్తి డోసుకు వచ్చే అలవాటు మా వైపు చాలామందికి ఉంది. అది సరైనదేనని నా వాదన. రెంటచింతల ఎండలో జనవరి డోసు మింగించడమే తప్పు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

రక్తపరీక్షల బల్ల:
మొదటి మాటలో సగం నిజం ఉంది. లండన్‌లో విలియం కీటింగ్ బృందం 1986లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని 41 డిగ్రీల గాలిలో 6 గంటలు ఉంచారు. ఒక్కొక్కరు సుమారు 1.8 కిలోల బరువు తగ్గారు, రక్తం చిక్కదనం 24 శాతం పెరిగింది. అయితే అదే బృందం 1984లో చేసిన చలి ప్రయోగం ఇంకా ఆసక్తికరం. 24 డిగ్రీల గాలి తగిలేలా 6 గంటలు ఉంచితేనే చిక్కదనం 21 శాతం పెరిగింది, బీపీ సగటున 126/69 నుంచి 138/87కి ఎక్కింది. చిక్కదనం రెండింటిలోనూ దాదాపు ఒకేలా పెరిగిందన్నమాట. మరి బీపీని ఎటు నడిపించేది ఏది?
రక్తనాళం వెడల్పు. చిక్కదనం 24 శాతం పెరిగితే ప్రవాహానికి అడ్డు కూడా అంతే పెరుగుతుంది. నాళం వ్యాసార్థం 10 శాతం కుంచించుకుంటే మాత్రం ఆ అడ్డు 52 శాతం పెరుగుతుంది, ఎందుకంటే లెక్క నాలుగో ఘాతంలో నడుస్తుంది. చలికి చర్మంలోని నాళాలు బిగుసుకుంటాయి, వేడికి తెరుచుకుంటాయి. దానికితోడు చెమటతో రక్తం మొత్తమే తగ్గి గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది. అందుకే ఎండలో రక్తం చిక్కబడుతూనే బీపీ పడిపోగలదు.
ఇంకొకటి. వారం, రెండు వారాలు ఎండకు అలవాటుపడ్డ శరీరం ప్లాస్మాను, అంటే రక్తంలోని నీటి భాగాన్ని, పెంచుకుంటుంది. కాబట్టి సీజను మొత్తం చూస్తే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) వేసవిలో కొంచెం తక్కువ, చలికాలంలో కొంచెం ఎక్కువ. వేసవిలో చిక్కబడేది ఆ రోజు నీళ్లు తాగకుండా ఎండలో తిరిగినవాడి రక్తం.

మందుల చీటీ:
డోసు సగం అనే ముందు ఏ మాత్రలో సగం అని అడగాలి. టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్రను విరిస్తే రెండు మందులూ సగం అవుతాయి. ఎండల్లో ఇబ్బంది పెట్టేది ప్రధానంగా ఆ రెండోది, మూత్రంతో ఉప్పునూ నీటినీ బయటికి పంపే మందు. క్లోర్‌తాలిడోన్, ఇండపమైడ్ కూడా ఆ కోవలోవే. చెమట, వాంతులు, పలచటి మజ్జిగ తప్ప ఏమీ తినని పెద్దవాళ్లు, పైన ఈ మందు... సోడియం పడిపోయి మాట తడబడితే ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుంటారు. డాక్టరును అడిగి అదే టెల్మిసార్టాన్ విడి మాత్రకు మార్చుకోవడం విరవడం కంటే మేలు.
నిఫెడిపిన్ రిటార్డ్ రకం అసలు విరవకూడదు, రోజంతా మెల్లగా వదలాల్సిన మందు ఒక్కసారే బయటపడుతుంది. అటెనొలాల్, క్లోనిడిన్ ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగదన్నుతుంది. ఆమ్లోడిపిన్ మానేసి మర్నాడు కొలిచి "బాగానే ఉంది" అనుకోవడం ఇంకో పొరపాటు. అది ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి వారం పైనే పడుతుంది, అసలు రీడింగు ఆ తర్వాతే.
మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకునేవాళ్లయితే మరీ జాగ్రత్త. టెల్మిసార్టాన్ రకం మందు, నీరు తీసే మందు, నొప్పి మాత్ర మూడూ కలిసి, ఆపైన ఒంట్లో నీరు లేకపోతే కిడ్నీలు దెబ్బతినేది ఇలాగే.

వార్డు డ్యూటీ:
పల్నాటి ఎండ గారూ, నా అభ్యంతరం తగ్గించడం మీద కాదు, క్యాలెండరు చూసి తగ్గించడం మీద. యూరోపియన్ హైపర్‌టెన్షన్ సొసైటీ బృందం 2020లో చెప్పిన ప్రకారం వేసవి తగ్గుదల సగటున పై అంకెలో 5, కింది అంకెలో 3 మాత్రమే. సగటు అంటే కొందరికి 15 పడుతుంది, కొందరికి ఏమీ పడదు. రోజంతా ఏసీ గదిలో కూర్చునే ఆఫీసరుకూ, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడికీ మార్చి ఒకటే కాదు. మందు వాడుతూ పై అంకె 110 కంటే దిగితే, కళ్లు తిరగకపోయినా, తగ్గించే సంగతి ఆలోచించమని వాళ్ల సలహా.
కొలిచే పద్ధతి: పొద్దున మాత్రకు ముందు, రాత్రి పడుకునే ముందు, 5 నిమిషాలు కదలకుండా కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు. ఇలా 7 రోజులు. మొదటి రోజు అంకెలు కొట్టేసి మిగతావాటి సగటు తీయాలి. ఇంట్లో కొలిచినప్పుడు 135/85 గీత, అది దాటితే బీపీ ఎక్కువున్నట్టు. తర్వాత లేచి నిలబడి 1వ నిమిషంలో, 3వ నిమిషంలో మళ్లీ కొలవాలి. పై అంకె 20 లేదా కింది అంకె 10 పడితే ఎండలో పడిపోయే మనిషి ఈయనే.
పగటి అంకె ఒక్కటే చూడకండి. 2006లో ఇటలీ నుంచి వచ్చిన 24 గంటల బీపీ పరిశీలనలో, మందు వాడే పెద్దవాళ్లకు వేడి రోజుల్లో పగలు తగ్గిన బీపీ రాత్రి పెరిగింది. మధ్యాహ్నం 112 చూసి మాత్ర సగం చేస్తే రాత్రి సంగతేమిటి?

పల్నాటి ఎండ:
రాత్రి మాట ఒప్పుకుంటున్నాను, అది నా లెక్కలో లేదు. కానీ బీపీ మిషను ఉన్న ఇళ్లెన్ని? మీరు చెప్పిన వారం కొలతలు కూలీకి ఎవరు తీస్తారు? రోహిణి కార్తెలో పొలంలో పడిపోయాక కొలిచే కంటే ముందే తగ్గించడం నయం కాదా?

వార్డు డ్యూటీ:
ఏఎన్ఎం దగ్గరా, పీహెచ్‌సీలోనూ మిషను ఉంటుంది. ఏప్రిల్ మొదట్లో ఒకసారి, మే మధ్యలో ఒకసారి కూర్చోబెట్టి, నిలబెట్టి కొలిపించుకుంటే చాలు.

ఆదిలాబాద్ చలి:
అందరూ మే గురించే మాట్లాడుతున్నారు. గుండెపోట్లు, పక్షవాతాలు ఎక్కువయ్యేది చలికాలంలో, చిక్కదనం, బీపీ రెండూ ఒకే వైపు నడుస్తాయి గనుక. చలికి మూత్రం ఎక్కువ, దాహం తక్కువ. జలుబు, దగ్గు వచ్చినప్పుడు రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ కూడా పెరుగుతుంది. చైనాలో 5 లక్షల మందిని చూసిన పరిశోధనలో వేసవికీ చలికాలానికీ పై అంకెలో తేడా 10. పల్లెల్లో 12, పట్టణాల్లో 8. సెంట్రల్ హీటింగ్ ఉన్న ఇళ్లలో చలి ప్రభావం చాలావరకు పోయింది. అమెరికాలో వేడి ఇళ్లలో ఉండే మనవాళ్ల కంటే, కిటికీ సందుల్లోంచి గాలి కొట్టే ఉట్నూరు ఇంట్లోనే బీపీ ఎక్కువ ఊగుతుందన్నమాట.
డిసెంబరులో వాకింగ్ నుంచి రాగానే కొలవకండి. స్వెట్టర్ చెయ్యి పైకి మడిచి బిగించి కొలిచినా అంకె తప్పొస్తుంది, తీసేయాలి.
చలి అని సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. అది ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చేస్తుంది, చిక్కదనం తగ్గించదు. 2018లో వచ్చిన ఆస్‌ప్రీ ట్రయల్‌లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 100 మిల్లీగ్రాములు ఇస్తే గుండెజబ్బులు తగ్గలేదు, రక్తస్రావాలు పెరిగాయి. స్టెంట్ వేయించుకున్నవాళ్ల లెక్క వేరు, వాళ్లు ఏ సీజన్‌లోనూ ఆపకూడదు.

రక్తపరీక్షల బల్ల:
చిక్కదనం భయం నిజంగా ఉంటే సీబీపీ అనే రక్తపరీక్షలో హెమటోక్రిట్ చూసుకోండి. మగవాళ్లకు 49, ఆడవాళ్లకు 48 శాతం దాటి ఉంటే, రెండు రోజులు బాగా నీళ్లు తాగి మళ్లీ చేయించండి. రెండోసారీ అలాగే వస్తే దాన్ని సీజను మీదికి నెట్టకూడదు. సిగరెట్లు, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగడం, లేదా ఎర్రకణాలు అతిగా పెరిగే పాలిసైథీమియా జబ్బు, ఏదో తేలాలి.

పల్నాటి ఎండ:
ఆఖరిది. బీపీ ఉన్నవాళ్లు ఓఆర్ఎస్ తాగొచ్చా? ఉప్పు కదా.

మందుల చీటీ:
లీటరు ప్యాకెట్‌లో ఉప్పు 2.6 గ్రాములు, రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలన్న పరిమితిలో సగం పైనే. బట్టలు తడిసి ముద్దయ్యేలా చెమట పట్టిన రోజు, విరేచనాలైన రోజు తాగొచ్చు. ఏసీలో కూర్చుని శర్బత్‌లా రోజూ తాగేది కాదు. 21 గ్రాముల ప్యాకెట్ లీటరుకు, 4 గ్రాముల చిల్లర ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. పెద్దది గ్లాసులో కలిపితే దాహం ఇంకా పెరుగుతుంది. గుండె బలహీనంగా ఉండి నీళ్లకు కొలత పెట్టినవాళ్లు పొద్దున్నే బరువు చూసుకోవాలి. రాత్రికి రాత్రి కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. నీరు తీసే మాత్ర ఆ రోజు వేసుకోవాలా వద్దా అని ఫోన్ చేసి అడగాల్సింది అప్పుడే.