పాత బీడు ప్రెస్సులు, వైస్‌లు: మన సముద్రపు గాలిలో బాగుచేసి నిలబెట్టడం ఎలా?

వాల్తేరు కుర్రాడు:
అందరికీ నమస్కారం. విశాఖ వన్ టౌన్‌లో ఒక పాత ఓడల ఏజెన్సీ ఆఫీసు సామాను తుక్కుకి వేస్తుంటే ఒక చిన్న ప్రెస్సు కొన్నాను. కింద ఒక పలక, పైన ఒక పలక, మధ్యలో స్క్రూలా చుట్లు ఉన్న లావుపాటి మర కడ్డీ, దాని నెత్తిన తిప్పడానికి చక్రం. అంతా బీడే, అంటే పోత ఇనుమే. ఇద్దరం పడితే గానీ ఆటో ఎక్కలేదు. చక్రం సగం తిరిగి ఆగిపోతోంది. నల్ల రంగు పొరలుగా లేచిపోతోంది, దాని కింద ఎర్ర తుప్పు. ఫ్రేము మీద పోతలోనే వచ్చిన ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి, చదవడానికి కుదరడం లేదు. చక్రం కాడల్లో ఒకటి విరిగితే ఎవరో రేకు చుట్టి బిగించారు. దానితోపాటు, పని చేసేటప్పుడు వస్తువుని దవడల మధ్య బిగించి పట్టుకునే పాత బెంచి వైస్ ఒకటి కూడా ఇచ్చారు. అసలు ఈ ప్రెస్సు దేనికి వాడేవారు? ఎక్కడ మొదలుపెట్టాలి?

దొండపర్తి బైండరు:
తమ్ముడూ, ముందు ఆ రంగు గీకొద్దు. మీకు దొరికింది ఉత్తరాల నకళ్లు తీసే ప్రెస్సు. ఆవిరి యంత్రం పేరు చెప్పగానే గుర్తొచ్చే జేమ్స్ వాట్ 1780లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆయనకి వ్యాపార ఉత్తరాలు ఎక్కువ, ప్రతిదానికీ నకలు రాయించడం పెద్ద పని. అందుకని ప్రత్యేకమైన సిరాతో ఉత్తరం రాసి, దాని మీద తడిపిన పల్చటి కాగితం వేసి ప్రెస్సులో నొక్కేవారు. సిరా కొంచెం ఆ కాగితంలోకి దిగేది. అక్షరాలు తిరగబడి పడతాయి కదా, కాగితం పల్చన కాబట్టి రెండో వైపు నుంచి చూస్తే సరిగ్గా కనిపిస్తాయి.

తర్వాత తర్వాత ఈ పల్చటి కాగితాలన్నీ కుట్టిన లావుపాటి పుస్తకాలు వచ్చాయి. తడి పక్క పేజీలకి అంటకుండా మధ్యలో నూనె కాగితం పెట్టి, పుస్తకం మొత్తాన్ని ప్రెస్సులో పెట్టి చక్రం బిగించేవారు. కార్బన్ పేపరు, టైపు మిషను వచ్చాక వీటి అవసరం తీరిపోయింది. అప్పుడు మావాళ్ల చేతికి వచ్చాయి. కుట్టిన పుస్తకాన్ని, జిగురు పెట్టిన అట్టని సమంగా నొక్కడానికి ఇంతకంటే మంచి సాధనం నేను చూడలేదు. మా షాపులో ఉన్నది ఈ రోజుకీ పని చేస్తోంది. మీదాన్ని షోకేసులో పెట్టే వస్తువు చెయ్యకండి, దానితో పని చేయించండి. అది నా విన్నపం.

ఆటోనగర్ టర్నర్:
బైండరు గారు చెప్పింది నిజం. కొనేవాళ్లందరికీ పనికొస్తుందని పరీక్ష ఎలా చెయ్యాలో రాస్తున్నాను. బీడుకి ఉన్న గుణం ఏంటంటే, నొక్కితే కొండలా ఆగుతుంది, లాగితే విరిగిపోతుంది. చక్రం బిగించినప్పుడు కింద పలక కిందికి, పైన కమాను పైకి పోవాలని చూస్తాయి. అంటే లాగుడు పడేది ఫ్రేము మీద. పగుళ్లు వస్తే కమాను మూలల్లో, మర కడ్డీ దిగే చోట వస్తాయి.

చిన్న సుత్తితో మెల్లగా కొట్టి వినండి. బాగున్న బీడు ఖంగుమంటుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. అనుమానం ఉంటే తుప్పు, రంగు లేని చోట కిరసనాయిలు పూసి కాసేపు ఉంచండి. గుడ్డతో పొడిగా తుడిచేసి, పైన ముగ్గు పిండి పల్చగా చల్లండి. పగులు ఉంటే లోపల దాక్కున్న కిరసనాయిలు పైకి ఊరి పిండి మీద సన్నని గీత తేలుతుంది. ఖర్చు లేదు, మోసం లేదు.

తర్వాత మర చూడండి. కడ్డీ చివర ఎన్ని చోట్ల మర మొదలవుతోందో లెక్కపెట్టండి. ఇలాంటి ప్రెస్సుల్లో, చేత్తో తిప్పి రేకులకి రంధ్రాలు కొట్టే ఫ్లై ప్రెస్సుల్లో రెండు, మూడు మొదళ్లు ఉన్న మర తరచుగా కనిపిస్తుంది. చక్రం కొంచెం తిప్పితే చాలు, పలక చాలా దూరం దిగుతుంది. అలాంటి కడ్డీ పాడైతే కొత్తది చేయించడం మామూలు బోల్టు కోయించినంత సులువు కాదు. ఆ పని తెలిసిన టర్నర్లు తగ్గిపోతున్నారు. అందుకని కడ్డీ ఉంటే మిగతాది ఎంత పాడైనా కొనండి. కడ్డీ పోయిందంటే ఆలోచించండి.

సగంలో ఆగిపోతోందన్నారు కదా, బలవంతంగా తిప్పొద్దు. ఎండిపోయిన గ్రీజు, తుప్పు కలిసి గట్టిపడి ఉంటుంది. కిరసనాయిలు పోస్తూ రెండు రోజులు వదిలేసి, ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదపండి.

మర్రిపాలెం ఫిట్టర్ (రిటైర్డ్):
నాయనా, విశాఖలో తుప్పు వదిలించడం అంటే సగం పని ఉప్పు వదిలించడమే. హైదరాబాదు వాళ్లు వీడియోల్లో చూపించినట్టు ఎమరీ పేపరుతో మెరిపించి, రెడ్ ఆక్సైడ్ కొట్టేస్తే ఇక్కడ ఏడాది తిరక్కుండా రంగు కింద బొబ్బలు వస్తాయి. కారణం, తుప్పు గుంటల అడుగున సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు కూర్చుని ఉంటుంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. పైన ఎంత రంగు వేసినా లోపల దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

నేను చెప్పే పద్ధతి చాకలి సోడా, బ్యాటరీ చార్జరు. ప్లాస్టిక్ డ్రమ్ములో లీటరు నీటికి ఒక చెంచా చొప్పున సోడా కలపండి. చార్జరు మైనస్ తీగ మీ వస్తువుకి, ప్లస్ తీగ పనికిరాని మామూలు ఇనప రేకుకి తగిలించండి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. 12 వోల్టులు చాలు. బుడగలు వస్తాయి, తుప్పు మెత్తబడి నల్లగా మారుతుంది, బ్రష్షుతో రాలిపోతుంది. బాగున్న లోహం అరగదు. పైగా సోడా నీళ్లలో గుంటల్లోని ఉప్పు కూడా బయటికి వస్తుంది. మధ్యలో నీళ్లు మార్చండి. సముద్రం అడుగున దొరికిన ఫిరంగులు, లంగర్లు భద్రపరిచేవాళ్లు వాడేది కూడా ఈ సూత్రమే, వాళ్లు నెలల తరబడి ఉంచుతారు.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెబుతున్నాను. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టొద్దు, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి పని ఆరుబయట జరగాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. చెయ్యి పెట్టే ముందు స్విచ్ కట్టెయ్యాలి. ఇత్తడి నట్టు, సీసం, అల్యూమినియం భాగాలు ఉంటే ముందే విప్పెయ్యాలి.

బయటికి తీశాక వేడి నీళ్లతో కడిగి, వెంటనే ఎండలోనో హీటరు ముందో ఆరబెట్టాలి. మన ఊళ్లో తడి ఇనుము కళ్లెదురుగానే ఎర్రబడుతుంది. ఈ పని వానాకాలంలో పెట్టుకోకండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో చేసుకుంటే సుఖం.

అనకాపల్లి అబ్బాయి:
మాస్టారూ, విదేశీ వీడియోల్లో మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి వారాల తరబడి నానబెడుతున్నారు. మా ఊళ్లో బెల్లానికి కొదవ లేదు కదా, నల్లబెల్లంతో చెయ్యొచ్చా?

మర్రిపాలెం ఫిట్టర్ (రిటైర్డ్):
మొలాసిస్‌తో తుప్పు పోతుంది బాబూ, నిదానంగా. కానీ మన ఎండకి అది పులిసి కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి, అపార్ట్‌మెంట్‌లో అయితే పక్కవాళ్లతో గొడవ. ఇంకో సంగతి, నల్లబెల్లం మూటలుగా కొంటే నాటుసారాకేమో అని ఎక్సైజ్ వాళ్లు ప్రశ్నలు వేస్తారు. ఆ టెన్షన్ ఎందుకు? చిన్న భాగాలకి నిమ్మ ఉప్పు తెచ్చుకో. లీటరు నీటికి 50 గ్రాములు కలిపి, గంట గంటకీ తీసి చూస్తూ ఉండు. రాత్రంతా వదిలేస్తే మంచి లోహాన్ని కూడా తినేస్తుంది. స్ప్రింగులు మాత్రం ఆమ్లంలో వెయ్యకు, పెళుసెక్కి విరిగిపోతాయి.

సీతమ్మధార అమ్మాయి:
రంగు గురించి నా అనుభవం చెబుతాను. మా నాన్నగారి పాత ఫ్లై ప్రెస్సుని రంగు వేయించడానికి ఒక వర్క్‌షాపుకి ఇచ్చాను. వాళ్లు గ్రైండరు పట్టి, ఫ్రేము మీద పోతలో వచ్చిన కంపెనీ పేరు, ఊరి పేరు నున్నగా చదును చేసి ఇచ్చారు. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. అది పంజాబులోని బటాలాలో చేసిందో ఇంగ్లండ్‌లో చేసిందో ఇప్పుడు చెప్పడానికి ఆధారమే లేకుండా పోయింది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. ఎవరికైనా ఇచ్చే ముందు అక్షరాల మీద టేపు అంటించి, "ఇక్కడ మెషిను పెట్టొద్దు" అని రాసి ఇవ్వండి. ఫొటోలు ముందే తీసుకోండి. సాయంత్రం ఏటవాలుగా పడే ఎండలో తీస్తే చదవడానికి రాని అక్షరాలు కూడా తేలతాయి.

ఇంకొకటి, ఆ కాలం రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

డాలస్‌లో విశాఖ:
ఈ చర్చ చూస్తుంటే సంతోషంగా ఉంది. నాది కంచరపాలెం, ఇక్కడ టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడివాళ్లు ఇదే ప్రేమతో తూటాలు తిరిగి నింపుకునే పాత చేతి ప్రెస్సులు సేకరిస్తారు. మా పక్కింటి పెద్దాయన గ్యారేజీలో ఒక గోడ నిండా అవే. పాతవాటిలో ఇంగ్లీషు సి ఆకారం ఫ్రేములు చాలా కనిపిస్తాయి, గట్టిగా నొక్కితే నోరు కొద్దిగా తెరుచుకుంటాయి. ఓ ఆకారంవి మూసి ఉంటాయి కాబట్టి అంతగా వంగవు. ఇందాక టర్నర్ గారు కమాను గురించి చెప్పిన లెక్కే. 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో మొదలైన ఆర్‌సీబీఎస్ కంపెనీ ప్రెస్సులంటే వీళ్లకి ప్రాణం. డై, అంటే తూటా గొట్టానికి ఆకారం ఇచ్చే అచ్చు, బిగించే రంధ్రం చాలావాటిలో ఒకటే కొలత, 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. అందుకే చాలా పాత ప్రెస్సులో కూడా నిన్న కొన్న డై కూర్చుంటుంది. తుప్పు, మర, పగులు చూసే పద్ధతి అంతా మీరు రాసినదే. ఒకటి కొని మా తమ్ముడికి పంపితే అలంకారానికి పెట్టుకుంటాడా అని ఆలోచిస్తున్నాను.

ఎంవీపీ వకీలు:
దయచేసి పంపకండి. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చెయ్యడం నేరం. పైగా ఆ చట్టంలో ఆయుధాల నిర్వచనంలోనే వాటిని తయారు చేసే యంత్రాలు కూడా ఉన్నాయి. తూటాల ప్రెస్సు దాని కిందికి వస్తుందా రాదా అన్న వాదన కోర్టులో మీ తమ్ముడు చెయ్యాల్సిన పరిస్థితి తేవద్దు. ఫొటోలు పంపండి, చూసి ఆనందిస్తాం.

వాల్తేరు కుర్రాడు:
అందరికీ కృతజ్ఞతలు. ముగ్గు పిండి పరీక్ష చేశాను, ఫ్రేము బాగుంది. చక్రం కాడకి వెల్డింగు చేయిస్తే సరిపోతుందా?

ఆటోనగర్ టర్నర్:
మామూలు రాడ్డుతో చెయ్యనివ్వకండి. బీడులో కార్బన్ ఎక్కువ, 2 నుంచి 4 శాతం ఉంటుంది. ఒక్కచోట వేడెక్కి గబుక్కున చల్లారితే అతుకు పక్కనే కొత్త పగులు వస్తుంది. నికెల్ రాడ్డు ఉంది, ఖరీదు ఎక్కువ. చక్రం కాడకైతే నేను గ్యాసుతో ఇత్తడి అతుకే వేయిస్తాను. దానికి బీడు కరగక్కర్లేదు. అతికే ముందు చక్రం మొత్తం నెమ్మదిగా వేడి చెయ్యాలి. అయ్యాక ఊక బూడిదలో పూర్తిగా కప్పేసి మర్నాటిదాకా ముట్టుకోకూడదు. అతుకు పసుపు రంగులో కనిపిస్తుంది. నాకైతే దాన్ని రంగుతో దాచాలనిపించదు, ఎక్కడ బాగుచేశారో తర్వాత వాళ్లకి తెలియాలి.

దొండపర్తి బైండరు:
చివర్లో పూత గురించి. మర కడ్డీకి గ్రీజు సరే. పలకలకి మాత్రం నూనె, గ్రీజు వద్దు, కాగితానికి మరక పడితే పోదు. తేనె మైనం కొంచెం వేడి చేసి గుడ్డతో రుద్దండి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో రెండు నెలలకోసారి మళ్లీ రుద్దాలి. వాడనప్పుడు పలకల మధ్య కాగితం, అట్ట ఉంచకండి, తేమ పట్టి అచ్చు పడినట్టు తుప్పు వస్తుంది.

హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరులో పైకప్పులు ఎగిరిపోయి ఇలాంటి మిషన్లు వానకి తడిసి తుక్కుకి పోయాయి. అప్పటి నుంచి నేను పాత ఇనుము కొట్లకి వెళ్లినప్పుడల్లా వీటి గురించి అడిగి వస్తుంటాను. బీడు ముక్కలు చేసి కొలిమికి పంపక ముందే అడగాలి.

వాల్తేరు కుర్రాడు:
వైస్ మీద "పార్కిన్‌సన్" అని కనిపించింది. దాని బోల్టు ఒకటి లేదు. షాపులో అర అంగుళం బోల్టు ఇచ్చారు, రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతోంది.

మర్రిపాలెం ఫిట్టర్ (రిటైర్డ్):
ఆపెయ్యి, ఇంక తిప్పకు. పార్కిన్‌సన్ అంటే యార్క్‌షైర్‌లో షిప్లీ అనే ఊరి కంపెనీ, మంచి వైస్. అందులో ఉండేది విట్‌వర్త్ మర, అంటే పాత బ్రిటిష్ కొలత. అర అంగుళం విట్‌వర్త్‌కి అంగుళానికి 12 చుట్లు, మర కోణం 55 డిగ్రీలు. నీకు ఇచ్చింది అమెరికా కొలత బోల్టు అయ్యుంటుంది, దానికి 13 చుట్లు, కోణం 60. మొదట పట్టినట్టే ఉంటుంది, తర్వాత లోపలి మరని కోసేస్తుంది. కొట్లో "అర అంగుళం విట్‌వర్త్" అని అడుగు, మర గేజి పెట్టి చూపించమను. దొరక్కపోతే టర్నర్ గారి దగ్గర కోయించుకో. ముందుగా అదే కొలత ట్యాపు (రంధ్రం లోపల మర కోసే పనిముట్టు) చేత్తో తిప్పి లోపలి మర శుభ్రం చెయ్యి.

ఆ వైస్‌లో ముందువైపు చిన్న మీట ఉందేమో చూడు. అది నొక్కితే సగం నట్టు పక్కకి తప్పుకుని దవడ ఒక్కసారిగా జరుగుతుంది. ఉండీ పనిచెయ్యకపోతే సాధారణంగా లోపల మురికి పేరుకుని ఉంటుంది, లేదా స్ప్రింగు విరిగి ఉంటుంది. విప్పినప్పుడు ఏ ముక్క తర్వాత ఏది వచ్చిందో ఫొటో తీసుకుంటూ పో.