బెయిలవుట్ తీసుకున్న కంపెనీల నుంచి బోనస్ వెనక్కి రాబట్టిన కేసు ఉందా?

2008 సెప్టెంబర్ 16న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ బీమా సంస్థ ఏఐజీకి 8,500 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించి నిలబెట్టింది. ఆరు నెలలకే, ఆ కంపెనీని ముంచేసిన విభాగం వాళ్లకే 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు పంచారు. జనం డబ్బుతో! చదివిన ప్రతిసారీ కడుపు మండుతుంది.

దీనిపై వారంగా వెతుకుతున్నాను. ఇలాంటి బోనస్‌లపై 90 శాతం పన్ను వేసే బిల్లు ప్రతినిధుల సభలో 328-93తో నెగ్గినా చట్టం కాలేదు. కొందరు తమంతట తామే తిరిగిచ్చారు, అది నాకు లెక్క కాదు. 2010 జులైలో, బెయిలవుట్ కంపెనీల జీతభత్యాలపై ప్రభుత్వం నియమించిన పర్యవేక్షకుడు కెన్నెత్ ఫైన్‌బర్గ్ 17 సంస్థలు 160 కోట్ల డాలర్లు అనుచితంగా చెల్లించాయని తేల్చారు, వసూలుకు మాత్రం పోలేదు. టార్ప్ (అమెరికా ప్రభుత్వ బెయిలవుట్ పథకం) చట్టం 111వ సెక్షన్ రెండుసార్లు చదివాను. తప్పుడు లెక్కల మీద ఇచ్చిన బోనస్ వెనక్కి తీసుకోవాలనే ఉంది.

ఆ సెక్షన్ కింద ఏ ఎగ్జిక్యూటివ్ నుంచైనా నిజంగా డబ్బు రాబట్టిన కేసు మీకు తెలుసా?