3 కిలోవాట్ల సోలార్ పెట్టే ఇంటికి ఆన్‌గ్రిడ్ చాలా, హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలా?

విశాఖ_డాబా: పీఎం సూర్యఘర్ కింద డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టిస్తున్నాం, 78,000 సబ్సిడీ. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ దగ్గరే తేలట్లేదు: ఒకరు బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌తో కలిసి నడిచే ఆన్‌గ్రిడ్ చాలంటారు, ఇంకొకరు బ్యాటరీతో హైబ్రిడ్ అంటారు. ఏది మేలు?

వోల్టేజ్_మావయ్య: ఆన్‌గ్రిడ్డే. రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి, మిగిలింది, ఇచ్చిందీ తీసుకున్నదీ లెక్కేసే నెట్ మీటర్ ద్వారా డిస్కంకు, అంటే కరెంటు సంస్థకు, పోతుంది. సబ్సిడీ ప్యానెళ్ల కెపాసిటీ మీదే, బ్యాటరీకి పైసా రాదు.

పల్లె_కరెంటు: మాకూ ఇలాగే చెప్పి అంటగట్టారు. మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే, అంత ఎండలోనూ సోలార్ ఆగిపోయింది! ఏజెంటుకు ఫోన్ చేస్తే ‘అది అంతేనండి’ అన్నాడు.

వోల్టేజ్_మావయ్య: ఆగాలి కాబట్టే ఆగింది. మీ ప్యానెళ్ల కరెంటు వెనక్కి లైన్లోకి వెళ్తే స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. లైన్లో కరెంటు పోగానే ఇన్వర్టర్ ఆగిపోయే ఈ రక్షణే యాంటీ ఐలాండింగ్.

పల్లె_కరెంటు: లైన్‌మన్ చచ్చిపోవాలని నేనన్నానా? హైబ్రిడ్ కూడా లైన్ నుంచి విడిపోతుంది. విడిపోయి ఇంటికిస్తుంది, అదే తేడా.

చిన్నా_77: అన్నా, పాత 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు రెండున్నాయి, పనికొస్తాయా?

వోల్టేజ్_మావయ్య: 12 వోల్టులవైతే రెండూ కలిపి కాగితం మీద 3.6 యూనిట్లు. ఇలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి దించితే తొందరగా పోతుంది. చేతికొచ్చేది 1.8. ఏసీ వేస్తే గంట. పైగా 48 వోల్టుల హైబ్రిడ్ అయితే నాలుగు కావాలి.

పల్లె_కరెంటు: ఏసీ ఎవరడిగారండీ? ఏ థ్రెడ్‌లో చూసినా మీది ఏసీ లెక్కే.

వోల్టేజ్_మావయ్య: లెక్క చెప్తే కోపమెందుకు? బ్యాటరీకి పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుందో మీరే చెప్పండి.

పల్లె_కరెంటు: రాదు! రాకపోయినా పర్లేదు! మా అమ్మకు రాత్రంతా ఆక్సిజన్ మెషీన్ నడవాలి. వానాకాలంలో మా ఊళ్లో పోయిన కరెంటు తెల్లారితే గానీ రాదు. మీకు సోలార్ అంటే బిల్లు తగ్గడం, మాకు కరెంటు ఉండటం.

వోల్టేజ్_మావయ్య: అమ్మగారి సంగతి వేరు, 5 యూనిట్ల లిథియం బ్యాటరీ తీసుకోండి. కానీ సిటీలో ఉన్న ఈయనకు ఎందుకు?

విశాఖ_డాబా: సార్, 2014 హుద్‌హుద్ అప్పుడు ఈ సిటీలోనే రోజుల తరబడి కరెంటు లేదు. ఇప్పుడు ఆన్‌గ్రిడ్ పెట్టి, తర్వాత బ్యాటరీ తగిలించొచ్చా?

వోల్టేజ్_మావయ్య: మామూలు ఆన్‌గ్రిడ్‌కు బ్యాటరీ టెర్మినలే ఉండదు. ఆ ఆలోచనుంటే ఇప్పుడే హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టండి, బ్యాటరీ లేకుండా నడిచే మోడలో కాదో అడిగి. అయినా నా ఓటు ఆన్‌గ్రిడ్‌కే.

పల్లె_కరెంటు: కరెంటు పోతే ఏమేం నడుస్తాయో కొటేషన్‌లో రాయించుకోండి. ఫ్రిజ్, ఫ్యాన్లకు బ్యాకప్ వైరింగ్ ఇప్పుడే విడిగా లాగించండి.