వేట సీజన్‌కు ముందు చిన్న విమానంలో తిరిగి జింకలను చూసుకోవచ్చా?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. పోయిన ఏడాది ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చింది. ఇప్పటికి 110 గంటలు ఎగిరాను, అంతా అద్దెకు తీసుకున్న సెస్నా 172లోనే. ఈసారి మేం నలుగురు స్నేహితులం కలిసి టెక్సస్‌లోని లానో దగ్గర ఒక రాంచ్‌లో డీర్ లీజ్ (డబ్బు కట్టి జింకల వేటకు తీసుకునే హక్కు) తీసుకున్నాం. దాదాపు 900 ఎకరాలు. అందరికీ వేట కొత్తే. శనివారం పొద్దున కారులో నాలుగు గంటలు పోయి, ఎండలో నడిచి చూస్తే ఒక మూల కూడా పూర్తి కావడం లేదు. జింకలు ఎక్కడ తిరుగుతున్నాయో, మంచె ఎక్కడ వేసుకోవాలో తెలియడం లేదు.

విమానంలో ఒక గంట తిరిగితే మొత్తం తెలిసిపోతుంది కదా అని ఆలోచన వచ్చింది. ఇది చట్టప్రకారం సరేనా? ఎంత ఎత్తులో ఎగరాలి? నా స్నేహితులు విమానం అద్దె వాళ్లే కడతామంటున్నారు, తీసుకోవచ్చా? వీటన్నిటికన్నా డ్రోన్ నయమా? ఇది ఆగస్టు కాబట్టి ఇంకా టైం ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (డెన్వర్ నుంచి)

మా కొలరాడోలో అయితే, జంతువులను వెతకడానికి విమానంలో ఎగిరిన రోజూ, దాని మర్నాడూ వేటాడకూడదు. పైనుంచి చూసి కింద ఉన్నవాళ్లకు ఫోన్‌లో దారి చెప్పడం కూడా నేరమే. టెక్సస్ రూల్ వేరుగా ఉంటుంది, అక్కడివాళ్లు చెబితే మంచిది.

జవాబు (ఆస్టిన్ నుంచి)

నేను 14 ఏళ్లుగా ఎగురుతున్నాను, 9 ఏళ్లుగా వేటకు వెళ్తున్నాను. ఈ రెండూ కలిపే ఆలోచన నాకూ వచ్చింది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ముందు ఒక మాట. జింకను చూడటానికి ఎగరకండి, నేలను చూడటానికి ఎగరండి. ఎందుకో కింద చెబుతాను.

మొదట చట్టం. ఫెడరల్ స్థాయిలో 1971లో ఎయిర్‌బోర్న్ హంటింగ్ చట్టం వచ్చింది. అలాస్కాలో విమానాల నుంచి తోడేళ్లను, వయోమింగ్‌లో హెలికాప్టర్ల నుంచి గద్దలను కాల్చిన సంగతి బయటపడి దేశమంతా గొడవైన రోజులవి. విమానం నుంచి కాల్చడం ఒక్కటే తప్పు అని చాలామంది అనుకుంటారు. కానీ విమానంతో జంతువులను వేధించడం కూడా ఈ చట్టం కింద నేరమే. వేధించడం అంటే ఏమిటో నిబంధనల్లో రాసి ఉంది. బెదరగొట్టడం, తరమడం, ఒకచోటికి తోలడం, మందగా చేర్చడం, అన్నీ అందులోకి వస్తాయి. పొదలో పడుకున్న జింక లేచి నిలబడితే కొమ్ములు చూద్దామని కిందికి దిగి ఒక చుట్టు కొట్టారంటే మీరు ఆ గీత దాటినట్టే. శిక్ష 5,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు. విమానాన్ని కూడా జప్తు చేయవచ్చు. మీది అద్దె విమానం అన్నారు, ఆ సంగతి కూడా ఆలోచించండి.

ఇక టెక్సస్. ఇక్కడ విమానం నుంచి అడవి జంతువులను లెక్కపెట్టాలన్నా, ఫోటో తీయాలన్నా, పట్టుకోవాలన్నా పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇచ్చే ఏరియల్ మేనేజ్‌మెంట్ పర్మిట్ ఉండాలి. ఏ భూమి మీద ఎగురుతారో ఆ యజమాని సంతకంతో అనుమతి పత్రం వేరుగా ఉండాలి. డ్రోన్‌కూ ఇదే రూల్. అడవిపందులను, కొయోట్లను హెలికాప్టర్ నుంచి కాల్చే వీడియోలు మీరు చూసే ఉంటారు. పంటలను, పశువులను పాడుచేసే జంతువులని అవి ఈ పర్మిట్ కింద జరుగుతాయి. జింకను సరదా వేటగా పైనుంచి కాల్చడానికి ఏ పర్మిట్టూ లేదు. మీ కౌంటీలో వేట చట్టాలు అమలుచేసే గేమ్ వార్డెన్‌కు ముందే ఫోన్ చేసి, మీరు ఏం చేయాలనుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పి అడగండి. నేను అలాగే చేశాను. ఆయన చాలా ఓపికగా అన్నీ చెప్పారు.

వేరే రాష్ట్రాలకు వెళ్లేటప్పుడు ఇక్కడి రూల్ గుర్తుపెట్టుకుని వెళ్లకండి. వయోమింగ్‌లో ఆగస్టు 1 నుంచి జనవరి 31 దాకా పెద్ద జంతువుల కోసం విమానంలో వెతకడమే నిషేధం. అరిజోనాలో సీజన్ మొదలయ్యే 48 గంటల ముందు నుంచి సీజన్ అయ్యేదాకా ఆపేయాలి. అలాస్కాలో ఎగిరితే మర్నాడు తెల్లవారుజామున 3 గంటలు దాటేదాకా వేటకు దిగకూడదు. విచిత్రం ఏమిటంటే అక్కడి సిట్కా జింకకు మాత్రం ఈ రూల్ వర్తించదు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఏటా కొత్త పుస్తకం చూసుకోవాలి.

చట్టం తర్వాత ప్రాణం. ఈ భాగం దయచేసి జాగ్రత్తగా చదవండి.

నాకు 150 గంటల అనుభవం ఉన్నప్పుడు మేసన్ వైపు ఒక స్నేహితుడితో ఎగురుతున్నాను. కింద ఒక మంచి మగ జింక కనిపించింది. ఎడమవైపు తిరిగాను. కన్ను జింక మీదే ఉంది. అది చెట్ల కిందికి పోతుంటే ఇంకా బిగించి తిప్పాను, తెలియకుండానే ముక్కు పైకి లాగాను. స్టాల్ హారన్ మోగింది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి (స్టాల్) వస్తోందని హెచ్చరిక. పక్కనున్నవాడు "స్పీడ్ చూడు" అని అరిచాడు. అప్పటికి నేల నుంచి 600 అడుగుల ఎత్తులో ఉన్నాం. ముక్కు దించి, రెక్కలు సరిచేసి బయటపడ్డాం. ఆ రోజు ఇంటికి వచ్చి పిల్లలను చూసినప్పుడు నా చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

దీన్ని పైలట్లు మూస్ టర్న్ అంటారు. అలాస్కాలో మూస్ అనే పెద్ద జింకను చూస్తూ చుట్టూ తిరిగి కూలిపోయిన విమానాల వల్ల వచ్చిన పేరు అది. లెక్క మీకు తెలిసిందే, అయినా మళ్లీ చెబుతాను. 172ఎస్ వంపు లేకుండా తిన్నగా పోతుంటే, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు పలకలు) దించకుండా, 48 నాట్ల దగ్గర స్టాల్ అవుతుంది. 60 డిగ్రీలు వంచి, ఎత్తు తగ్గకుండా తిప్పితే బరువు రెట్టింపు అయినట్టే, స్టాల్ 68 నాట్ల దగ్గరే వచ్చేస్తుంది. చూడటం కోసం మీరు వేగం తగ్గించుకుని 75లో పోతుంటే మిగిలిన తేడా ఎంత? స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ కిందికి) పోతే తేరుకోవడానికి వెయ్యి అడుగులు కూడా చాలకపోవచ్చు.

అందుకే నా పద్ధతి ఇది. నేల నుంచి 1,500 అడుగులకు తగ్గను. జనం లేనిచోట మనుషులకు, ఇళ్లకు, వాహనాలకు 500 అడుగుల దూరం ఉంటే చాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ రూల్ అంటుంది, కానీ అది కనీసం మాత్రమే. 200 అడుగుల లోపు టవర్లకు సాధారణంగా లైట్లు, రంగులు ఉండాలన్న నియమం లేదు. వాటిని పట్టి ఉంచే తీగలు దగ్గరికి వెళ్లేదాకా కనపడవు. వంపు 30 డిగ్రీలు దాటనివ్వను. చుట్లు కొట్టను. పొలం దున్నినట్టు ఒక చివర నుంచి మరో చివరకు తిన్నగా పోయి, రాంచ్ హద్దు దాటాక వెడల్పుగా తిరిగి, పక్క గీతలో వెనక్కి వస్తాను. పైలట్ విమానం మాత్రమే నడపాలి, చూసేవాళ్లు, ఫోటో తీసేవాళ్లు వేరే ఉండాలి. "ఏదో కనిపించింది" అని పక్కవాళ్లు ఎంత చెప్పినా నేను తల తిప్పను. ఆ వైపు సైన్యం శిక్షణ మార్గాలు కూడా ఉన్నాయి, సెక్షనల్ చార్ట్ (పైలట్ల మ్యాప్) చూసుకోండి. ఆగస్టు మధ్యాహ్నం ఎండకు గాలి పలచబడి ఇంజను బలం తగ్గుతుంది, గద్దలు, రాబందులు కూడా వేడి గాలిలో పైకి లేస్తాయి. తెల్లవారగానే ఎగిరి తొమ్మిదిన్నరలోపు దిగిపోండి.

1,500 అడుగుల నుంచి జింక కనిపిస్తుందా అంటే, కనిపించదు, కనిపించనక్కర్లేదు కూడా. హెలికాప్టర్‌లో చెట్ల మీదుగా తక్కువ ఎత్తులో, ముగ్గురు నలుగురు అనుభవజ్ఞులు లెక్కపెట్టినా పొదల్లో ఉన్న జింకల్లో చాలా భాగం తప్పిపోతాయి. పైగా ఆగస్టులో చూసిన మగ జింక నవంబరులో జత కాలం వచ్చేసరికి ఎక్కడ ఉంటుందో ఎవరూ చెప్పలేరు. సెప్టెంబరులో కొమ్ముల మీది మెత్తటి తోలు రాలిపోయాక మగ జింకల గుంపులు విడిపోతాయి, ఒక్కొక్కటి ఒక్కో దారి పడుతుంది.

నేల మాత్రం మారదు. ఈ ఎండలకు వాగులు ఎండిపోయి ఉంటాయి, ఇప్పుడు నీళ్లున్న కుంట ఏదో పైనుంచి ఒక్క చూపులో తెలుస్తుంది. జింకలు నడిచే బాటలు నడుస్తున్న మనిషికి అంతగా తెలియవు కానీ పొద్దున ఏటవాలు ఎండలో పైనుంచి సన్నటి గీతల్లా కనిపిస్తాయి. రెండు మూడు గీతలు ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. ఎక్కువగా కంచె కింద సందు ఉన్నచోట, వాగు దాటేచోట, సీడర్ పొద సన్నబడి ఓక్ చెట్లు మొదలయ్యేచోట కలుస్తాయి. పక్క రాంచ్‌లో ఓట్స్ వేశారా, ఫీడర్ (జింకలకు మేత వేసే డబ్బా) హద్దు దగ్గర పెట్టారా కూడా తెలుస్తుంది. ఇవన్నీ ఫోటోలు తీసుకుని ఇంట్లో పెద్ద స్క్రీన్ మీద తీరిగ్గా చూడండి. నేను పైన గంట తిరిగితే ఇంట్లో నాలుగు గంటలు చూస్తాను. జనవరి, ఫిబ్రవరిలో ఆకు రాలాక ఇంకోసారి ఎగిరితే మరింత బాగా తెలుస్తుంది, అప్పటికి సీజన్ కూడా దాదాపు అయిపోతుంది.

ఎగిరే ముందు రాంచ్ యజమానికి, పక్క రాంచ్‌ల వాళ్లకు ఒక మాట చెప్పండి. చిన్న విమానం కనిపిస్తే పశువులు బెదురుతాయి, మనుషులకు అనుమానం వస్తుంది. పాత జింకల లెక్కలు ఉన్నాయేమో కూడా యజమానిని అడగండి. జింకల నిర్వహణకు రాష్ట్రం నడిపే మేనేజ్‌డ్ ల్యాండ్స్ డీర్ ప్రోగ్రామ్‌లో ఉన్న రాంచ్ అయితే ఏటా లెక్కలు ఉండే అవకాశం ఎక్కువ.

డబ్బు సంగతి. ప్రైవేట్ పైలట్‌గా మీ వాటా మీరు కట్టాల్సిందే. ఇంధనం, ఆయిల్, ఎయిర్‌పోర్టు ఖర్చు, అద్దె, వీటిని విమానంలో ఉన్నవాళ్లు సమానంగా పంచుకోవచ్చు. మొత్తం వాళ్లే కట్టి మీరు ఊరికే ఎగిరితే మీ లైసెన్సుకే ముప్పు.

ప్రశ్న అడిగినవారు

అన్నా, చాలా థాంక్స్. నిజం చెప్పాలంటే నేను 500 అడుగుల్లో చుట్లు కొట్టాలనే అనుకున్నాను. మీరు రాసింది మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. డ్రోన్ గురించి ఇంకొంచెం చెప్పండి. ఒంటి వేడిని చూపే థర్మల్ కెమెరా ఉన్నది ఒకరి దగ్గర ఉంది. దెబ్బ తగిలి పారిపోయిన జింకను వెతకడానికైనా వాడొచ్చా?

జవాబు (ఆస్టిన్ నుంచి)

డ్రోన్ కూడా చట్టం దృష్టిలో విమానమే. 400 అడుగుల లోపు, కంటికి కనిపించే దూరంలో ఎగరాలి, రాత్రి అయితే 3 మైళ్ల దాకా కనిపించే లైటు ఉండాలి. ఇవి ఎఫ్‌ఏఏ రూల్స్ మాత్రమే, వీటి మీద రాష్ట్రం పర్మిట్ వేరు. దెబ్బ తగిలిన జింకను వెతకడం విషయంలో రాష్ట్రానికో తీరు. మిషిగన్‌లో దానికీ ఒప్పుకోరు. ఇక్కడ వార్డెన్‌ను అడగకుండా బయటికి తీయకండి. నా అనుభవంలో, రక్తపు జాడ పట్టే శిక్షణ ఉన్న కుక్కను పిలిపించుకోవడమే మేలు. లానో వైపు అలాంటి కుక్కలను తెచ్చేవాళ్లు ఉంటారు, రాంచ్ యజమానికి తెలిసే ఉంటుంది. నొప్పితో పడి ఉన్న జంతువును తొందరగా కనుక్కోవడం మన బాధ్యత. అందుకు ముందే ఏర్పాటు చేసుకోండి.

ఇంకొకటి. పెద్ద జంతువుల వేట రికార్డులు రాసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పుస్తకంలోకి, పైనుంచి చూసి దగ్గర్లో దిగి వెంటాడిన జంతువును తీసుకోరు. మీకు రికార్డు అక్కర్లేకపోవచ్చు. కానీ జింకకు తప్పించుకునే అవకాశం ఉండాలన్నది ఇక్కడి పాత వేటగాళ్లు చాలా గట్టిగా నమ్మే మాట. నేనూ నమ్ముతాను.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

విమానం సంగతి కాదు గానీ, మీ నలుగురిలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? వలస వీసా కాని వీసా మీద ఉన్నవాళ్ల చేతిలో తుపాకీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు తేదీ అయిపోతే ఆ మినహాయింపు కూడా పోతుంది. అద్దె తుపాకీ అయినా, స్నేహితుడిది చేతికి తీసుకున్నా ఇదే. ఇంకా, 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత కోర్సు) చేయాలి. ముందు లాయరును అడిగి, తర్వాత తుపాకీ సాధన చేసే రేంజ్‌కు వెళ్లండి.

జవాబు (కర్నూలు నుంచి)

మా నల్లమల వైపు ఇలా డ్రోన్‌తో దుప్పులను చూడొచ్చా అని ఎవరైనా అడిగేలోపే చెబుతున్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పి, కృష్ణజింక, కణుజు వేట పూర్తిగా నేరం. ఇక్కడ సీజనూ లేదు, లైసెన్సూ లేదు. ఇది అమెరికా సంగతిగానే చదువుకోండి.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

వార్డెన్‌తో మాట్లాడాను. భూమి ఫోటోలు మాత్రమే తీస్తామని, జింకల జోలికి పోమని చెప్పాను. యజమానికి, ఇద్దరు పక్క రాంచ్‌ల వాళ్లకు చెప్పాను. నిన్న పొద్దున 7 గంటలకు ఎగిరాం. నేను నడిపాను, మిగిలిన ముగ్గురిలో ఇద్దరు ఫోటోలు తీశారు, ఒకరు మిగతా విమానాల కోసం ఆకాశం చూస్తూ కూర్చున్నారు. 1,500 అడుగులు, ఆరు గీతలు, 40 నిమిషాలు. నాలుగు కుంటల్లో నీళ్లున్నది ఒక్కదాంట్లోనే, అది మేం వెళ్లని ఉత్తరం మూలలో ఉంది. దాని దగ్గరికి మూడు బాటలు వస్తున్నాయి, రెండు కంచె సందు దగ్గర కలుస్తున్నాయి. మేం మంచె వేద్దామనుకున్న చోట ఒక్క బాట కూడా లేదు. కొత్త మంచె ఆ సందుకు ఉత్తరం వైపు పెడదామనుకుంటున్నాం, సరేనా?

జవాబు (ఆస్టిన్ నుంచి)

చాలా సంతోషం. చక్కగా చేశారు. ఉత్తరం వైపు మాత్రం వద్దు. నవంబరులో చలిగాలి దిగిన రోజుల్లో జింకలు బాగా కదులుతాయి, ఆ రోజుల్లో గాలి ఉత్తరం నుంచే వస్తుంది. మీ వాసన నేరుగా ఆ సందు మీదికి పోతుంది. దక్షిణం వైపు 120 గజాల దూరంలో ఒకటి పెట్టండి. దక్షిణపు గాలి ఉన్న రోజులకు పడమర పక్కన ఒక మడత కుర్చీ చాలు. తూటా అటు పోతే వెనక మట్టిగట్టు ఉండేలా చూసుకోండి, పక్క రాంచ్ వైపు తెరిచి ఉండకూడదు. సెప్టెంబరు మధ్యలోపు పని ముగించి, తర్వాత సీజన్ దాకా ఆ మూలకు వెళ్లకండి.